జోడు ఓట్లు

విస్కాన్సిన్ గవర్నరు "ఇంక నావల్ల కాదు, ఈసారి నిలబడను" అన్న రోజునుంచీ ఆ రాష్ట్రానికి పూనకం పట్టింది. అసలే సగానికి సగం చీలిపోయిన జనం. పదిమంది ఒక గదిలో కూర్చుంటే ఐదుగురు నీలం పార్టీ, ఐదుగురు ఎర్ర పార్టీ. పదకొండోవాడు తలుపు తోసుకుని వస్తే వాడి కాళ్ళు పట్టుకోవడానికి రెండు పార్టీలూ సిద్ధం. పైగా ఇప్పుడు కుర్చీ ఖాళీ. ఇంక అడగాలా! ఆగస్టు నుంచి టీవీ పెడితే వాళ్ళే, రేడియో పెడితే వాళ్ళే. నీలం వైపు నోరా కెప్లర్, ఎరుపు వైపు డేల్ ఓస్ట్రమ్. ఆవిడ దొంగట, ఆయన అబద్ధాలకోరట. పోస్టు డబ్బాలో రోజుకి ఆరేసి రంగు కాగితాలు. పాల ధర ఎందుకు పడిపోయిందో, దగ్గర్లోని ఆసుపత్రి ఎందుకు మూసేశారో ఒక్క కాగితంలో ఉంటే ఒట్టు.

నార్డేన్ అనే చిన్న టౌన్‌షిప్పులో ఆర్డిస్ స్కార్ ఇంటి ముందు మాత్రం రెండు పార్టీల బోర్డులూ ఉండేవి. కారు దారికి కుడివైపు కెప్లర్ బోర్డు, అది ఆర్డిస్‌ది. ఎడమవైపు ఓస్ట్రమ్ బోర్డు, అది ఆమె మొగుడు ఓరిన్‌ది. దారిన పోయేవాళ్ళు హారన్ కొట్టి నవ్వుకునేవాళ్ళు. పోస్టు తెచ్చే మనిషి అయితే ప్రతి ఎన్నికలకీ ఒకటే మాట: "మీ ఇద్దరూ ఇంట్లో కూర్చుని పేకాడుకోవచ్చుగా! ఒకళ్ళ ఓటు ఒకళ్ళు కొట్టేసుకోడానికి అంత దూరం పోవడం దేనికి?"

"పెట్రోలు నాదిలే, నీకెందుకయ్యా," అనేవాడు ఓరిన్.

ముప్ఫై ఎనిమిదేళ్ళ కాపురం. పిల్లల్లేరు. అరవై ఆవులుండేవి. ఆ ఇద్దరూ ఏ విషయంలోనూ పెద్దగా పోట్లాడుకున్నది లేదుగాని రాజకీయం దగ్గర ఉప్పూ నిప్పూ. అందుకని పెళ్ళైన మొదటి ఏడే ఒక కట్టుబాటు పెట్టుకున్నారు. ఎవరి మనిషి ఓడిపోతే వాళ్ళు మర్నాడు పొద్దున్న ఒక్కళ్ళే లేచి పాలు పితకాలి, గెలిచినవాళ్ళు దుప్పటి కప్పుకుని పడుకోవచ్చు. మూడేళ్ళ కిందట ఆవుల్ని అమ్మేశాక పాల పని పోయింది. అప్పటినుంచి ఓడినవాళ్ళు కాఫీ కలిపి మంచం దగ్గరికి తేవాలి. ఆ కాఫీ తెచ్చేటప్పుడు ఓరిన్ మొహం చూడాలి, ఏదో సొంత ఆస్తి కోర్టులో పోగొట్టుకున్నట్టు ఉండేది.

రెండో కట్టుబాటు ఓరిన్ పెట్టింది. ఆర్డిస్‌కి పిత్తాశయం ఆపరేషనై ఆసుపత్రిలో ఉన్న ఏడు అతను ఓటు వెయ్యడానికని బయల్దేరాడు. టౌన్ హాలు దాకా వెళ్ళి, ట్రక్కులో పది నిముషాలు కూర్చుని, వెనక్కి తిప్పుకుని ఆసుపత్రికి వచ్చేశాడు.

"వేశావా?" అంది ఆర్డిస్.

"లేదు."

"పిచ్చా నీకు? నేను లేనప్పుడేగా నీకు లాభం!"

"అదే మరి. నువ్వు మంచం మీదుంటే నేను పోయి వేసొస్తే దొంగతనం కాదూ? మా తాత జోడు గుర్రాల్తో దున్నేవాడు. ఒకటి కుంటితే రెండోదాన్నీ కొట్టంలోనే కట్టేసేవాడు. ఒంటిగుర్రంతో దున్నితే నాగటిచాలు వంకరపోద్ది అనేవాడు."

తరవాత ఓరిన్ మీద ట్రాక్టరు ఒరిగి కాలు విరిగిన ఏడు ఆర్డిస్ కూడా ఓటు వెయ్యలేదు. అప్పటికే ఆమె నార్డేన్ టౌన్ క్లర్కు. ఎన్నికలు జరిపించేదే ఆమె! వచ్చిన ప్రతివాడికీ బ్యాలెట్ చేతికిచ్చి, తన బ్యాలెట్ మాత్రం తీసుకోకుండా ఇంటికొచ్చింది. ఈ సంగతి వాళ్ళిద్దరికీ తప్ప మూడోమనిషికి తెలియదు.

ఈ ఏడు జూన్‌లో ఓరిన్‌కి పాంక్రియాస్‌లో కాన్సర్ అన్నారు. సెప్టెంబరు వచ్చేసరికి ఇంక మందులొద్దు, ఇంటికి తీసుకుపోండి అన్నారు. ముందుగదిలో ఆసుపత్రి మంచం వేశారు, కిటికీలోంచి రెండు బోర్డులూ కనపడేటట్టు.

"నవంబరు మూడో తారీఖు, ఓట్ల రోజు దాకా ఉంటా. నా కాళ్ళ మీద నడిచెళ్ళి ఓస్ట్రమ్‌కి వేసొస్తా. అప్పటిదాకా ఎవడు పిలిచినా పోను," అనేవాడు ఓరిన్. అక్టోబరు మూడో వారంలో ఒకరోజు బాత్రూమ్ దాకా కూడా నడవలేక గోడ పట్టుకుని నిలబడిపోయాడు. ఆ మర్నాడు తనే అన్నాడు: "ఆ కవర్లు పట్రా. ఇంట్లోనే వేసేద్దాం. ఇద్దరం ఒకేసారి."

ఇంటి దగ్గర వేసే ఓటుకు ఒక తంతు ఉంది. బ్యాలెట్‌ని కవర్లో పెట్టి అతికించాలి. కవరు మీద ఓటరు సంతకం పెట్టాలి. దాని కింద సాక్షి తన పేరు, చిరునామా రాసి తనూ సంతకం పెట్టాలి. వీటిలో ఏ ఒక్కటి లేకపోయినా ఓటు మట్టిలో పోసిన పాలే. ఎన్నికల రోజు పనిలో తీరిక ఉండదని ఆర్డిస్ కొన్నేళ్ళుగా ఇలాగే వేస్తోంది, ఎప్పుడూ ఓరినే సాక్షి. ఈసారి ఒకళ్ళకొకళ్ళు సాక్షులు.

గురువారం మధ్యాహ్నం మంచానికి అడ్డంగా బల్ల పెట్టి కూర్చున్నారు. ఓరిన్ బ్యాలెట్ నింపడానికి పావుగంట పట్టింది. ఆర్డిస్ కిటికీ వైపు తిరిగి కూర్చుంది, చూడకూడదు కదా. పూర్తయ్యాక అతని కవరు మీద తను సాక్షి సంతకం పెట్టింది. తన కవరు అతని ముందుకు తోసింది.

ఓరిన్ పెన్ను పట్టుకుని, "ఆ బ్యేర్కే ముసలావిడ ఓటు ఏం చేశావప్పుడు?" అన్నాడు.

బ్యేర్కే ముసలావిడ ముందుగా ఓటు వేసి, ఎన్నికలకి రెండురోజుల ముందు పోయింది. ఓటరు ఎన్నికల రోజుదాకా బతికుండకపోతే ఆ ఓటు లెక్కించకూడదని ఆ రాష్ట్రంలో రూలు. ఆ కవరు పక్కన పెట్టించింది ఆర్డిసే. ఆ రాత్రి ఇంటికొచ్చి ఓరిన్ భుజం మీద తలపెట్టి ఏడ్చింది కూడా.

"ఇప్పుడెందుకా గోల?" అంది.

"చెప్పు."

"నీకు తెలుసుగా. పక్కన పెట్టేశాం."

"ఊఁ," అన్నాడు ఓరిన్. కవరు మీదికి వంగి చాలాసేపు రాశాడు. ఒక్కో అక్షరానికీ ఒక్కో ఊపిరి. ఆర్డిస్ ఆ చేతికేసి చూడలేకపోయింది. ఆ చేత్తోనే ఒకప్పుడు దూడని అవలీలగా ఎత్తి భుజాన వేసుకునేవాడు.

"అయిందా?"

"అయింది. చూడకు, కోడి కెలికినట్టుంది నా రాత. తీసుకెళ్ళి పెట్టెలో పడెయ్."

ఆమె చూడలేదు. ఇరవై రెండేళ్ళుగా ఊరందరి కవర్లూ అటూ ఇటూ తిప్పి తప్పులు పట్టిన మనిషి, తన కవరు చూసుకోలేదు. రెండూ కలిపి రబ్బరుబ్యాండు వేసి టౌన్ హాల్లో ఇనప్పెట్టెలో పెట్టి తాళం వేసింది.

ఆదివారం, నవంబరు ఒకటో తారీఖు, తెల్లవారుతూండగా ఓరిన్ పోయాడు.

ఊళ్ళోవాళ్ళు వచ్చారు. అన్నం వండుకునే పని లేకుండా ఎవరికి వాళ్ళు కాసరోల్ గిన్నెలు తెచ్చి ఫ్రిజ్ నింపేశారు. పాస్టరు వచ్చాడు. అంత్యక్రియలు శుక్రవారం చర్చిలో అనుకున్నారు. వచ్చినవాళ్ళకి ఆర్డిస్ కాఫీ పోసింది, గిన్నెల మీద ఎవరి పేరు వాళ్ళది రాసి అంటించింది, "అవును, తెల్లారగట్ల" అంది, "బాధేం పళ్ళేదు" అంది. చనిపోయాడన్న మాట మాత్రం ఆమె నోటివెంట ఒక్కసారి కూడా రాలేదు. రానివ్వలేదు. ఆ మాట అంటే ఇంక అది నిజమైపోతుందని ఆమె భయం. అదేం తెలివితక్కువతనం అనకండి. అలాంటి రోజు వచ్చినప్పుడు మనందరి తెలివీ అంతే.

"మంగళవారం నువ్వు రాకు, కౌంటీవాళ్ళు ఎవర్నో పంపుతార్లే," అంది స్నేహితురాలు లవోన్.

"ఇంట్లో కూర్చుని ఏం చెయ్యను?" అంది ఆర్డిస్.

మంగళవారం పొద్దున్న ఏడింటికి హాలు తలుపు ఆమే తీసింది. హీటరు వెలిగించింది. చర్చి ఆడవాళ్ళు ఆపిల్ పైలు తెచ్చి మూల బల్ల మీద పెట్టారు. జనం బారులు తీరారు, ఆ ఊరు ఎన్నడూ చూడనంత జనం. ఒక్కొక్కళ్ళు బ్యాలెట్ తీసుకుంటూ ఆర్డిస్ చెయ్యి నొక్కి, ఏమనాలో తెలీక, "చలి పెరిగింది కదూ" అని వెళ్ళారు.

మధ్యాహ్నం రెండింటికి రద్దీ తగ్గింది. అప్పుడు ఇనప్పెట్టె తెరిచి ఇంటిదగ్గర వేసిన ఓట్ల కవర్లు బయటికి తీశారు. బల్లకి ఒక పక్క లవోన్, నీలం వాళ్ళ తరఫున. రెండో పక్క వెర్డెల్ హాగెన్, ఎర్రవాళ్ళ తరఫున. వెర్డెల్ ఓరిన్‌కి పెత్తల్లి కొడుకు. నలభై ఏళ్ళుగా ఇద్దరూ కలిసి జింకల వేటకి వెళ్ళేవాళ్ళు. ఒక్కో కవరు మీది పేరు, చిరునామా వెర్డెల్ పైకి చదవాలి. ఎవరికీ అభ్యంతరం లేకపోతే కవరు విప్పాలి.

ముప్ఫై కవర్లదాకా గడగడా చదివాడు. తరవాత రబ్బరుబ్యాండు వేసిన రెండు కవర్లు చేతికొచ్చాయి. బ్యాండు తీశాడు.

"ఓరిన్ స్కార్. ఎన్ 4120, క్వార్న్ రోడ్."

ఆర్డిస్ నోరు విప్పబోతే వెర్డెల్ చెయ్యి అడ్డం పెట్టాడు.

"నువ్వేం చెప్పకు. ఎవరూ ఏం అనలేదు. లవోన్, నీకేవన్నా అభ్యంతరమా?"

లవోన్ తల వంచుకుని, "నాకేం తెలీదు. నేనేం వినలేదు," అంది. ఆమె కళ్ళలో నీళ్ళు. నీలం పార్టీలో ఆమెంత పట్టుదల మనిషి ఆ చుట్టుపక్కల లేదు. అలాంటిది ఓస్ట్రమ్‌కి పడే ఓటని తెలిసీ వదిలేస్తానంటోంది.

"చూశావా?" అన్నాడు వెర్డెల్. "పోయినట్టు కాయితం ఏదీ ఇంకా రాలేదు. పేపర్లో వెయ్యలేదు. ఇక్కడున్నవాళ్ళలో ఒక్కడు నోరెత్తడు. వాడు ఈ ఓటు కోసమే ఇన్నాళ్ళు ఊపిరి పట్టుకున్నాడు ఆర్డిస్! పోనీ పాపం!"

ఆర్డిస్ కవరుకేసి చూసింది. కింద తన సంతకం, పైన అతని వణుకు అక్షరాలు. ఎవరికీ నష్టం లేదు. అడిగేవాడు లేడు. ఊరుకుంటే చాలు. ఊరుకుంటే ఓరిన్ ఓటూ పడుతుంది, తన ఓటూ పడుతుంది, ఎప్పటిలాగే ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. ఆ ఒక్క పెట్టెలోనన్నా అతనింకా బతికే ఉంటాడు.

కాని బ్యేర్కే ముసలావిడ కొడుకు ఆ రోజు ఇదే బల్ల దగ్గర నిలబడి బతిమాలాడు. అతనికి రూలు చెప్పింది తను. అతను కూడా తల్లిని పోగొట్టుకున్నవాడే.

"టౌన్ క్లర్కుగా చెబుతున్నాను," అంది ఆర్డిస్. "ఈ ఓటరు..." బల్ల అంచు పట్టుకుంది. "ఈ ఓటరు, ఓరిన్ స్కార్, ఆదివారం చనిపోయాడు."

అనేసింది. రెండురోజులుగా పళ్ళ బిగువున ఆపుకున్న మాట, అందరి ముందూ, ఆ ట్యూబ్‌లైటు కింద. ఇంక ఓరిన్ నిజంగానే లేడు.

వెర్డెల్ మొహం ఎర్రగా కందిపోయింది. కవరు బల్ల మీద పడేశాడు. "బాగుంది తల్లీ. చాలా బాగుంది. వాడి ఓటు చెత్తలోకి, నీ ఓటు పెట్టెలోకి. పోయినవాడి మీద కూడా గెలిచావు. కెప్లరమ్మకి ఒక ఓటు మిగిల్చావు!"

"వెర్డెల్!" అని అరిచింది లవోన్.

వెర్డెల్ తనకి తెలియకుండానే సరిగ్గా పుండు మీద పొడిచాడు. ఒంటిగుర్రం. కవర్లు పెట్టెలో పడ్డాక ఇంక వెనక్కి తీసుకునే వీల్లేదు. ఓరిన్ పోయిన దగ్గర్నుంచి ఆమెకి కంటిమీద కునుకు లేకుండా చేసింది ఇదే. అతను ట్రక్కు తిప్పుకుని వచ్చేసినవాడు. తను మాత్రం అతను మంచం మీద కాదు, మట్టిలోకి పోతుంటే ఓటు వేసుకుంటోంది. దొంగతనం.

"రెండోది చదువు," అంది మెల్లగా.

వెర్డెల్ కోపంగా కవరు లాక్కున్నాడు. "ఆర్డిస్ స్కార్. ఎన్ 4120, క్వార్న్ రోడ్. ఓటరు సంతకం ఉంది. సాక్షి పేరు, ఓరిన్ జె. స్కార్. చిరునామా..." అక్కడ ఆగాడు. కళ్ళద్దాలు పైకి తోసుకున్నాడు. కవరు దీపానికి దగ్గరగా పెట్టుకున్నాడు. "సంతకం లేదు."

"ఏంటీ?"

"సాక్షి సంతకం లేదు. పేరు రాశాడు, ఇంటి నంబరు రాశాడు, రోడ్డు రాశాడు, పిన్‌కోడుతో సహా రాశాడు. సంతకం గీత ఖాళీగా ఉంది." ఇరవై ఏళ్ళుగా అలవాటైన మాట వెర్డెల్ నోటివెంట దానంతటదే వచ్చేసింది: "సాక్షి రాత్రి ఎనిమిదిలోపు ఇక్కడికి వచ్చి సంతకం పెడితే..."

కళ్ళద్దాలు తీసేసి, వేటకోటు చేతితో మొహం తుడుచుకున్నాడు.

ఆర్డిస్ కవరు అందుకుంది. ఇప్పుడు చూసింది. నిజంగానే కోడి కెలికినట్టుంది. అయినా ఒక్క అక్షరం తప్పు పోలేదు. అంత అవస్థపడి పిన్‌కోడు దాకా రాసినవాడికి సంతకం పెట్టడానికి ఓపిక లేకపోయిందా? లేక ఇరవై రెండేళ్ళు క్లర్కు మొగుడుగా ఉండి, ఏది లేకపోతే ఓటు చెల్లదో ఆమెంత బాగానూ తెలిసి, బ్యేర్కే ముసలావిడ సంగతి అడిగి మరీ నిర్ధారించుకుని, "చూడకు" అని చెప్పాడా? బతికుంటే ఎనిమిదిలోపు తనే వచ్చి పెట్టొచ్చనీ, లేకపోతే రెండోదాన్నీ కొట్టంలోనే కట్టేసినట్టనీ?

"ఓరి దొంగా," అంది ఆర్డిస్. నవ్వు వచ్చింది. ఆ నవ్వు సగంలో విరిగి ఏడుపైపోయింది. పోయినప్పుడు ఏడవనిది, ఊరంతా వచ్చినప్పుడు ఏడవనిది, హాలు మధ్యలో నిలబడి వెక్కివెక్కి ఏడ్చింది. వెర్డెల్ లేచి కుర్చీ తెచ్చి ఆమె వెనక పెట్టాడు.

లవోన్ చెవి దగ్గరికి వంగింది. "ఆర్డిస్, కౌంటీకి ఫోన్ చేసి అడుగుదాం. కొత్త కవరు ఇస్తే నేను సాక్షి సంతకం పెడతా. ఒప్పుకుంటారేమో. ఈసారి ఒక్కో ఓటూ ఎంత విలువో నీకు తెలుసుగా."

"తెలుసు."

"మరి?"

"దాని సాక్షి ఓరిన్. అతను పెట్టలేదు. నేను ఇంకొకళ్ళ దగ్గరికి పోను." ముక్కు తుడుచుకుంది. "తిరస్కరించండి. రెండూ ఒకే కవర్లో పెట్టండి."

తిరస్కరించిన ఓట్ల కోసం పెద్ద గోధుమరంగు కవరు ఉంటుంది. ఓరిన్ కవరు, ఆర్డిస్ కవరు దాంట్లో పెట్టి అతికించారు. ఎన్ని ఉన్నాయో పైన రాయాల్సింది క్లర్కే. ఆర్డిస్ రెండు అని రాసింది. కాసేపు పోయాక వెర్డెల్ ఆపిల్ పై ముక్క పళ్ళెంలో పెట్టి తెచ్చి ఆమె ముందు పెట్టి వెళ్ళాడు.

ఫలితం ఆ రాత్రి తేలలేదు, ఆ వారమూ తేలలేదు. శుక్రవారం ఓరిన్‌ని మట్టి చేశారు. ఇద్దరు అభ్యర్థుల మధ్య తేడా కొన్ని వందలే. మళ్ళీ లెక్కపెట్టాలన్నారు. లాయర్లు దిగారు. వేట రోజులు వచ్చి వెళ్ళాయి, వెర్డెల్ ఈ ఏడు అడవికి పోలేదు. ఊళ్ళో బోర్డులన్నీ పీకేశారు. ఆర్డిస్ ఇంటి ముందు రెండూ అలాగే ఉన్నాయి, మంచు వాటి నడుందాకా వచ్చింది.

డిసెంబరులో ఒక పొద్దున్న, ఇంకా మంచం దిగకముందే, రేడియోలో చెప్పారు. నోరా కెప్లర్ మూడువందల నలభై ఓట్లతో గెలిచింది. ఓస్ట్రమ్ ఓటమి ఒప్పుకున్నాడు. రేడియోలో మనిషి తెగ ఊగిపోతున్నాడు.

ఆర్డిస్ రేడియో కట్టేసింది. ఆమె మనిషి గెలిచింది. ఓరిన్ ఓడిపోయాడు. కట్టుబాటు కట్టుబాటే, ఇవాళ ఆమె లేవక్కర్లేదు.

దుప్పటి గడ్డందాకా లాక్కుంది. "ఓరిన్, ఓడిపోయావు. లే," అంది పైకే.

వంటింట్లో ఏ చప్పుడూ లేదు. ఆమె అలాగే పడుకుని తొమ్మిదింటిదాకా ఎదురుచూసింది.